ఆ మాట ఆయనే అన్నాడా?

పిల్లల కోసం జీవిత చరిత్ర రాసేవాళ్లను ఊరించేది సంభాషణ. మహానుభావుడు చిన్నప్పుడు తల్లితో ఏమన్నాడో రెండు ముక్కలు కల్పిస్తే చాలు, పేజీ పరుగెడుతుంది. నా కలం అటు మొగ్గినప్పుడల్లా జీన్ ఫ్రిట్జ్ గుర్తొస్తారు.

1915లో చైనాలోని హాంకౌలో పుట్టి, పన్నెండేళ్ల వయసులో అమెరికా చేరిన ఆవిడ, ఆ దేశపు విప్లవ కాలం మనుషుల కథలను పిల్లలకు చెప్పారు. కల్పన చేతకాక కాదు. పెన్సిల్వేనియాలో తమ పూర్వీకురాలొకరి బాల్యాన్ని 1958లో నవలగానే రాశారు. జీవిత చరిత్రల దగ్గరకొచ్చేసరికి మాత్రం గట్టి పట్టింపు. పాత ఉత్తరాల్లోనో డైరీల్లోనో ఆధారం దొరకని మాటను ఎవరి నోటా పలికించేవారు కాదు.

మరి పిల్లలు చదివేదెలా? పాల్ రివీర్ మీద 1973లో వచ్చిన పుస్తకం చూడండి. బ్రిటిష్ సైన్యం వస్తోందని 1775 ఏప్రిల్ 18 రాత్రి గుర్రమెక్కి ఊళ్లను లేపినవాడు రివీర్. కవి లాంగ్‌ఫెలో రాసిన కవిత ఆయన్ని కాంకర్డ్ ఊరి దాకా చేర్చింది. నిజానికి దారిలోనే సైనికులు పట్టుకున్నారు. ఫ్రిట్జ్ అదే రాశారు. ఆయన వెండి పనివాడనీ, కట్టుడు పళ్లు కూడా చేసేవాడనీ, తర్వాత్తర్వాత గంటలు పోతపోశాడనీ చెప్పారు. పిల్లలు చేయి పట్టుకుని నడవగలిగేది ఇలాంటి మనిషితోనే. పుస్తకం చివర వివరణలూ చేర్చారు. పదేళ్ల పాఠకుడి మీద కూడా ఆ గౌరవం ఉండటమే నాకు ఆవిడలో అన్నిటికన్నా ఇష్టం.

ఈమధ్య గోదావరికి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర గురించి పిల్లలకు రాస్తుంటే, ధవళేశ్వరం గట్టు మీద ఆయనకూ ఒక ముసలి రైతుకూ మాటలు పెట్టాలని మనసు లాగింది. పెట్టలేదు. 1847లో మొదలైన ఆనకట్ట 1852కల్లా ఎలా లేచిందో, ఇసుక నిండిన గోదావరిలో పునాది ఎలా నిలిచిందో చెప్పడానికే నాకు చోటు చాలడం లేదు.

1982లో సొంత బాల్యం మీద ‘హోమ్‌సిక్’ రాసినప్పుడు ఫ్రిట్జ్ తన విషయంలో మరింత కఠినంగా ఉన్నారు. మనుషులు నిజం, ఊరు నిజం, జరిగిన సంగతులూ నిజమే. కానీ వేర్వేరు ఏళ్లలో జరిగినవాటిని రెండేళ్లలోకి కుదించారు, జ్ఞాపకంలో ఖాళీలున్నచోట కల్పనను అతికారు. అందుకని తన కథకు తానే కల్పన అని పేరు పెట్టి, ఆ సంగతి ముందుమాటలోనే పిల్లలకు చెప్పేశారు.