సూర్యకాంతం ఎడమచెయ్యి

సూర్యకాంతం 1924 అక్టోబర్ 28న కాకినాడ దగ్గరి వెంకట కృష్ణరాయపురంలో పుట్టారు. 'నారద నారది' (1946)తో సినిమాల్లోకి వచ్చారు. ఎల్వీ ప్రసాద్ తీసిన 'సంసారం' (1950)లో వేసిన గయ్యాళి పాత్రతో ఆమె దారి ఖాయమైపోయింది. అప్పటికి ఆమెకు 26 ఏళ్ళు.

సహాయ నటికి వయసు మించిన వేషాలు తప్పవు. 'మాయాబజార్' (1957)లో ఆమె హిడింబి. కొడుకు ఘటోత్కచుడిగా వేసిన ఎస్వీ రంగారావు ఆమెకంటే ఆరేళ్ళు పెద్ద. చూసేవాళ్ళకు ఆ సంగతి తోచనే తోచదు. అదే ఏడాది 'తోడికోడళ్ళు'లో రేలంగి భార్య అనసూయగా ఉమ్మడి ఇంట్లో చిచ్చు పెట్టారు.

ఆమె నటనలో ముందు కనిపించేది ఎడమచెయ్యి. మాటకంటే ముందే అది లేచేది, తిరిగేది, ఎదుటివాళ్ళను తీసిపారేసేది. దానికి మూతివిరుపు తోడు. మాట గుక్క తిప్పుకోకుండా సాగినా ప్రతి అక్షరం స్పష్టంగా వినపడేది. ఎంత కాఠిన్యం చూపినా అందులో నవ్వు పుట్టించడం ఆమెకే చెల్లింది. తిట్టుకుంటూనే జనం ఆమె తర్వాతి మాటకోసం చెవి ఒగ్గేవారు.

కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టిన కత్తి కాంతారావు ఆ ప్రాంతానికి సొంత హీరో. కానీ సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఇళ్ళల్లో రోజూ నోట నానేది గోదావరి యాస మాట్లాడిన ఈ నటి పేరే. నోరున్న ఆడమనిషి కనిపిస్తే 'సూర్యకాంతమ్మ' అనేస్తారు. నిజానికి ఇది ఆమెకు కొంత అన్యాయమే. గయ్యాళితనం పాత్రలది, పనితనం ఆమెది.

ఆ పనితనానికి నిండు కొలత 'గుండమ్మ కథ' (1962). విఠలాచార్య కన్నడంలో తీసిన 'మనె తుంబిద హెణ్ణు' దీనికి మూలం. ఎన్టీఆర్, ఏయన్నార్, సావిత్రి, జమున ఉన్న సినిమాకు విజయా సంస్థ ఆమె పాత్ర పేరే పెట్టింది. సవతి కూతురు లక్ష్మి చేత వెట్టిచాకిరీ చేయించే గుండమ్మ చివరికి ఛాయాదేవి వేసిన దుర్గ చేతిలో చిక్కి, గదిలో బందీ అవుతుంది. అంతసేపూ విరుచుకుపడిన గొంతు అక్కడ సన్నబడుతుంది, చెయ్యి లేవదు. ఇలాంటి మనిషికి ఇంతే కావాలి అనుకోవలసిన చోట అయ్యో అనిపిస్తుంది. అందుకే ఆమెను విడిపించడానికి లక్ష్మే రావడం ఎవరికీ ఎబ్బెట్టుగా తోచదు.