ఆలస్యమయ్యే కాగితంతో మొదలు

ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు దగ్గరపడితే మా వీధిలో తల్లిదండ్రులు నా దగ్గరికి వస్తుంటారు. పాఠాలు చెప్పినన్నాళ్లూ పిల్లల కౌన్సెలింగ్ పనులు చూసినవాణ్ని కదా. "సార్, ఆప్షన్లు ఎప్పుడు పెట్టాలి?" అనే అందరూ మొదలుపెడతారు. "ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఎప్పటిది?" అని నేను అడుగుతాను.

గడువంటే వెబ్‌సైట్‌లో కనిపించే చివరి తేదీ అనుకుంటాం. ఆ రోజు మన పని కాసేపట్లో అయిపోతుంది. రోజులు పట్టేది మీసేవలో దరఖాస్తు పెట్టాక తహసీల్దార్ ఆఫీసు నుంచి రావాల్సిన కాగితానికి. ఎప్పుడొస్తుందన్నది మన చేతిలో ఉండదు. అందుకే లెక్క దాని దగ్గరే మొదలుపెట్టాలి. తెలంగాణ ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ కావాలంటే ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఆ ఏడాది జనవరి 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. ఐఐటీ, ఎన్ఐటీ సీట్లకు జోసా అడిగే ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ పత్రాలైతే ఆ ఏడాది ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ ఇచ్చినవి కావాలి. నిరుటి పత్రం బీరువాలో భద్రంగా ఉన్నా చెల్లదు. బీసీ కుల ధ్రువపత్రం ఉందిలే అన్న ధీమా కూడా పనికిరాదు. కేంద్రం నమూనాలో ఇచ్చే ఓబీసీ పత్రం వేరే తీసుకోవాలి.

ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు బళ్లు తెరిచి ఉన్నప్పుడే తెచ్చుకోవాలి. మూడు బళ్లు మారిన పిల్లవాడికి మూడు చోట్లకూ తిరగాల్సి వస్తుంది. వేసవి సెలవుల్లో వెళ్తే హెడ్‌మాస్టర్ ఊళ్లో ఉండరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉందేమో ఇప్పుడే చూసుకోవాలి.

ఈ పనుల్లో నాకు బాగా ఇష్టమైనది ఆప్షన్ల జాబితా. మా వీధిలో ఒకమ్మాయి లాంగ్ నోట్‌బుక్‌లో గీతలు కొట్టి కాలేజీ కోడు, బ్రాంచి, హాస్టల్ ఉందా, ఇంటి నుంచి బస్సుకు ఎంతసేపు అని రాసుకుంది. తర్వాత ఒక్కో వరుసా కత్తిరించి, చాప మీద పరిచి, పైకీ కిందికీ జరుపుతూ కూర్చుంది. "రాని కాలేజీ పైనెందుకే?" అంది వాళ్లమ్మ. అమ్మాయి చేసిందే సరైనది. ర్యాంకును బట్టి పైనుంచి ఒక్కో ఆప్షనూ చూసుకుంటూ వస్తారు. పైది రాకపోతే కిందిది చూస్తారు, అడిగినందుకు నష్టమేమీ లేదు. అంతగా ఇష్టంలేనిది పైన పెడితే మాత్రం అదే ఖాయమవుతుంది. దాని కింద ఏమున్నా ఇక చూడరు. ఇంత ఆలోచన చివరి రోజు రాత్రి, సైట్ నెమ్మదించాక, నెట్ సెంటర్‌లో వెనక నలుగురు నిలబడి ఉండగా సాగదు. అప్పుడు ఆ సెంటర్‌ కుర్రవాడు టైప్ చేసిందే మీ పిల్లల నాలుగేళ్ల చదువవుతుంది. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. కాలేజీలు ఎంచుకోవడం పిల్లలకే వదలండి. పెద్దవాళ్లం కాగితాల కోసం తిరుగుదాం.

సీటొచ్చినట్టు మెసేజ్ రాగానే పని అయిపోయిందనుకోకండి. గడువులోగా ఫీజు కట్టి, ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే సీటు రద్దవుతుంది. కాలేజీలో టీసీ ఇచ్చేముందు అన్ని కాగితాలూ స్కాన్ చేసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి. ఈపాస్‌లో స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసేటప్పుడు వాటితో మళ్లీ పని పడుతుంది.