నేర్చుకునే గంటకు కూలి ఎవరిస్తారు?

ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పించడం నా వృత్తి. ఊరు బేరిగై, కొలువు హోసూరు సిప్కాట్ పారిశ్రామికవాడలో. బండ్ల విడిభాగాలు చేసే చోట మనిషి గేటు దాటి లోపలికి వచ్చినప్పటి నుంచి లైనులో ఒంటరిగా నిలబడి పని చేసుకునే దాకా పూచీ నాది. కరోనాకు ముందు ఇందుకు ఒక గది, ఒక బోర్డు, చెయ్యి తిరిగిన ఒక సీనియర్ ఆపరేటరు ఉంటే సరిపోయేది. ఇప్పుడు చేరిన రోజే చేతికి ఒక లాగిన్ ఇస్తున్నారు. భద్రత, నాణ్యత, పని చోటును సర్ది శుభ్రంగా ఉంచే 5ఎస్ పద్ధతి, నిప్పు అంటుకుంటే ఏం చెయ్యాలి, ఆడవాళ్ళను వేధిస్తే చట్టం ఏం చెబుతుంది, అన్నీ ఫోన్లోనే. చివరి దాకా చూసి పరీక్ష రాస్తే పేరుకు ఎదురుగా పచ్చ టిక్కు పడుతుంది. నెలాఖరుకు ఆ టిక్కులన్నీ కూడి, శాతం కట్టి, పైవాళ్ళకు పంపుతారు.

ఆ పచ్చ టిక్కు గురించే ఈ వారం నా మాట.

మా పక్క ఊరి పిల్ల ఒకతె అసెంబ్లీ లైనులో చేరింది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. టార్క్ రెంచితో బోల్టు బిగించే పని ఇచ్చారు. దాని కోర్సు ఫోన్లో ముగించింది, పది ప్రశ్నలకు పదీ సరిగ్గా రాసింది, టిక్కు పడింది. మరునాడు లైనులో ఆమె పక్కన నిలబడి చూశాను. రెంచి పెట్టింది, లాగింది, టక్ మన్నది. అక్కడితో ఆపాలి. ఆమె మాత్రం ఊపిరి బిగబట్టి ఇంకొకసారి లాగింది. ప్రతి బోల్టుకూ అంతే.

"ఎందుకు పాపా రెండోసారి లాగతావు?" అంటే, "లూజుంటే ఊడిపోతుంది కదా సార్? మా నాయిన ట్రాక్టరు నట్లు అట్లే బిగిస్తాడు" అనింది.

ఆ పిల్ల జవాబులో తప్పు పట్టడానికి ఏముంది? గట్టిగా ఉండాలన్న శ్రద్ధ ఉంది, ఇంట్లో చూసి నేర్చిన పనితనం ఉంది. టార్క్ రెంచిలో ఎంత బలం కావాలో ముందే పెట్టి ఉంటారు. ఆ బలం అందగానే లోపల మీట జారి టక్ మంటుంది. దాని మీద ఇంకా లాగితే బోల్టు సాగుతుంది, మర దెబ్బ తింటుంది. ఆ రోజు కనబడదు, ఎప్పుడో రోడ్డు మీద తెగుతుంది. కోర్సులో ఈ సంగతి ఉంది, ఇంగ్లీషులో, ఒక స్లైడులో. పక్క స్టేషనులో ఉన్న సీనియర్ అక్క వచ్చి ఆ పిల్ల చేతి మీద తన చెయ్యి వేసి, "టక్ అన్న తావున చెయ్యి నిలిపెయ్యమ్మా, అంతే" అని నాలుగు బోల్టులు కలిసి బిగించింది. అయిదో బోల్టు ఆ పిల్ల తానే సరిగ్గా బిగించింది. టిక్కు ముందు రోజే పడింది, పని వచ్చింది మాత్రం ఈ అయిదో బోల్టుకు.

టిక్కు ఎలా పుడుతుందో కొంచెం తెలుసుకుందాం. ఆన్‌లైన్ కోర్సులను ఏ సాఫ్ట్‌వేరులో పెట్టినా ఆడేటట్లు అమెరికా రక్షణ శాఖ చొరవతో స్కార్మ్ అనే కొలమానం ఒకటి తయారైంది. 2001లో వచ్చిన దాని 1.2 వెర్షను ఇప్పటికీ చాలా కంపెనీల్లో నడుస్తూ ఉంది. అందులో నేర్చుకునేవాళ్ళ స్థితిని చెప్పడానికి ఆరే మాటలు: మొదలుపెట్టలేదు, తిరగేశారు, సగంలో ఉంది, ముగిసింది, పాస్, ఫెయిల్. కోర్సు తెరిచారా, చివరి పేజీ దాకా వచ్చారా, పరీక్షలో ఎన్ని మార్కులు, ఎంత సేపు పట్టింది. ఇంతవరకు అది నిజాయితీగానే చెబుతుంది. రెంచి పట్టుకున్న చేతిని చూసే కన్ను దానికి లేదు. 1959లోనే డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికా ప్రొఫెసరు శిక్షణను నాలుగు మెట్లలో కొలవాలన్నాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పని చేసే తీరు మారిందా, సంస్థకు మేలు జరిగిందా. పచ్చ టిక్కు రెండో మెట్టును కూడా పూర్తిగా ఎక్కదు.

మరి కంపెనీలు దీని వెంట ఎందుకు పడ్డాయి? పెద్ద కారణం ఆడిట్. బండ్ల కంపెనీలకు సామాను అమ్మాలంటే చాలాచోట్ల ఐఏటీఎఫ్ 16949 అనే నాణ్యతా ప్రమాణం ఉండి తీరాలి. ఎవరికి ఏ పని వచ్చో, ఎలా నేర్పారో ఆడిటరు రికార్డు అడుగుతాడు. కాగితం ఫైళ్ళు వెతికే పని తప్పుతుంది కాబట్టి టిక్కులు చూపించే డ్యాష్‌బోర్డు అందరికీ హాయి. పైగా కాంట్రాక్టు మనుషులు వస్తూ పోతూ ఉంటారు, నేర్పేవాళ్ళు తక్కువ. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. అయితే 2016లో వచ్చిన అదే ప్రమాణం పని చోట చేయించి నేర్పడానికి విడిగా ఒక క్లాజు పెట్టింది. దాన్ని అంత శ్రద్ధగా చదివేవాళ్ళు తక్కువ.

ఈ సాఫ్ట్‌వేర్లు అమ్మేవాళ్ళు వచ్చి చూపించే మీటింగుల్లో కూర్చున్నాను. లాగిన్‌కు ఎంత, జీతాల సాఫ్ట్‌వేరుతో కలుస్తుందా, రిపోర్టు ఎక్సెల్‌లోకి దిగుతుందా అని అడుగుతారు. ఆపరేటరు దీన్ని ఏ వేళలో చూస్తాడు అని ఎవరైనా అడగడం నేను వినలేదు.

ఆ వేళ ఎక్కడుంది చెప్పండి. ఫస్టు షిఫ్టుకు ఆరు గంటలకు లైనులో ఉండాలంటే బేరిగై పక్క పల్లెలవాళ్ళు చీకటితోనే లేచి కంపెనీ బస్సు పట్టాలి. రెండుకు షిఫ్టు వదిలితే బాగలూరు మీదుగా ఇల్లు చేరేసరికి సాయంత్రం పాలు పిండే వేళకు దగ్గరపడుతుంది. పట్టుపురుగులు పెట్టిన ఇల్లయితే మల్బరీ ఆకు కోసి మేత వెయ్యాలి. టొమాటో కోతలుంటే సరేసరి. ఇక కోర్సు చూసేది బస్సులో, నిద్ర కళ్ళతో. లేదా ఇంట్లో తమ్ముడు ఫోన్ తీసుకొని "నెక్స్ట్, నెక్స్ట్" అని నొక్కి ముగిస్తాడు. పరీక్ష జవాబులు వాట్సాప్ గ్రూపులో ముందే తిరుగుతూ ఉంటాయి. దీన్ని మోసమని మీటింగులో ఒకాయన అంటే నాకు కోపం వచ్చింది. షిఫ్టు ముగిసిన తర్వాత, జీతం లేని గంటలో, కంపెనీ పని చేయమని అడిగింది ఎవరు?

నేర్చుకోవడం పనిలో భాగం. పనిలో భాగమైన దానికి కూలి ఉండాలి. నేర్చుకోవడం పని చోటే జరగాలన్నది నా ఒక్కడి మాట కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టానికి 1987లో చేర్చిన 111ఏ సెక్షను, ఆరోగ్యం, భద్రతల గురించి వీలైన చోటల్లా ఫ్యాక్టరీ లోపలే శిక్షణ పొందడాన్ని అప్పట్లోనే కార్మికుడి హక్కుగా రాసింది. భోపాల్ దుర్ఘటన తర్వాత వచ్చిన సవరణ అది. పని చేసేచోట ఏముందో, అది ఏం చేస్తుందో తెలియక పోయిన ప్రాణాలు దాని వెనక ఉన్నాయి.

హోసూరుకు ఈ విషయంలో మంచి గతమే ఉంది. 1980లో అశోక్ లేలాండ్ ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టింది. ఆ దశాబ్దంలోనే టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి స్థాపించిన టైటాన్ గడియారాల ఫ్యాక్టరీ వచ్చింది. గడియారం పని తెలిసినవాళ్ళు చుట్టుపక్కల లేరు. అందుకని తమిళనాడు చిన్న ఊళ్ళ నుంచి బడి చదువు ముగించిన పిల్లలను తీసుకొచ్చి, కంటికి ఆనని సామాను చిమటాతో పట్టుకోవడం దగ్గర నుంచి నేర్పించారు. ఇల్లు విడిచి వచ్చిన ఆ పిల్లలను పెంపుడు తల్లిదండ్రుల్లాంటి పెద్దల నీడన ఇళ్ళలో ఉంచారు. పని నేర్పడమంటే మనిషిని నిలబెట్టడమని అప్పటివాళ్ళు అర్థం చేసుకున్నారు. అందుకు నెలలు ఇచ్చారు, డబ్బు పెట్టారు. ఇప్పుడు మా జిల్లాకు ఎలక్ట్రానిక్సు ఫ్యాక్టరీలు వచ్చాయి, జార్ఖండ్, ఒడిశాల నుంచి కూడా ఆడపిల్లలు వచ్చి హాస్టళ్ళలో ఉంటున్నారు. వాళ్ళకు మనం ఇచ్చేది లాగిన్ ఒక్కటే అయితే ఆ గతానికి తగదు.

ఆన్‌లైన్ శిక్షణ వద్దని నేననను. నైట్ షిఫ్టువాళ్ళకు నా పాఠం ఎప్పుడూ సగమే అందేది, ఫోన్లో అది పూర్తిగా అందుతుంది. క్లాసులో నలుగురి ముందు అడగడానికి సిగ్గుపడే పిల్ల వీడియోను వెనక్కి జరుపుకొని మళ్ళీ చూస్తుంది. 2013 నాటి లైంగిక వేధింపుల నివారణ చట్టం సంగతే చూడండి. పదిమంది, అంతకు మించి పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండాలని, ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలని, ఒక ఆడమనిషి ఎవరూ చూడకుండా తనంతట తాను తెలుసుకోగలగడం చిన్న మేలు కాదు. తన భాషలో ఉంటేనే సుమా.

భాష దగ్గరే మా హోసూరు సీమ కథ అడ్డం తిరుగుతుంది. ఒకే లైనులో తెలుగు, కన్నడం, తమిళం, ఉర్దూ, హిందీ, ఒడియా. కోర్సు మాత్రం ఇంగ్లీషులోనో, మిషను అనువదించిన తమిళంలోనో. మాది తమిళనాడు కాబట్టి తమిళం అందరికీ వస్తుందని పై ఆఫీసు లెక్క. ప్రమాదం గురించి చెప్పే మాట అరకొరగా అర్థమైతే చాలదు.

మా చోట ఒక పని చేశాం. ఆ సీనియర్ అక్క చేతులనే ఫోన్లో తీశాం, మొహం లేకుండా. వెనక ఆమె గొంతు, మా పక్క తెలుగులో. రెంచి ఎట్లా పట్టాలి, టక్ అంటే ఏమి, ఆ తర్వాత ఏం చెయ్యకూడదు. రెండు నిమిషాలు కూడా లేదు. కన్నడంలో ఇంకొకాయన, హిందీలో ఇంకొక అమ్మాయి అదే వీడియోకు మాట చెప్పారు. స్టేషను దగ్గర క్యూఆర్ కోడు అతికించాం. కొత్తవాళ్ళు షిఫ్టు మొదట్లో, లైను కదలక ముందే చూస్తారు. ఆ వెంటనే చేసి చూపిస్తారు, సూపర్‌వైజరు చూసి సంతకం పెడతాడు. ఆ సంతకం తర్వాతే టిక్కు. ఖరీదైన కోర్సుల కంటే దీన్నే జనం మళ్ళీ మళ్ళీ చూస్తున్నారు.

ఇందులో కొత్తేమీ లేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లోకి పని తెలియని జనం లక్షల్లో వచ్చినప్పుడు, సూపర్‌వైజర్లకు నేర్పే విద్యను నాలుగు అడుగుల్లో చెప్పారు. మనిషిని సిద్ధం చెయ్యి, పని చూపించు, అతని చేత చేయించు, ఆ తర్వాత వెంటబడి చూస్తూ ఉండు. యుద్ధం తర్వాత అది జపాన్‌కు పోయి టొయోటాలో వేరూనింది. ఫోన్ మొదటి రెండు అడుగులు బాగా వేస్తుంది. మూడోదీ నాలుగోదీ పక్కన మనిషి లేకుండా పడవు.

ప్రభుత్వాలూ ఆన్‌లైన్ శిక్షణ దారిలోనే ఉన్నాయి. 2017 సెప్టెంబరు 5న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్య నాయుడు ప్రారంభించిన దీక్షా పోర్టల్‌లోనే, 2020 అక్టోబరు నుంచి దేశమంతా టీచర్లకు నిష్ఠా శిక్షణ 18 కోర్సులుగా నడిచింది. కేంద్ర ఉద్యోగులకు మిషన్ కర్మయోగి కింద ఐగాట్ అనే ఆన్‌లైన్ శిక్షణ వేదిక వచ్చింది. 2024 అక్టోబరులో జాతీయ అభ్యాస వారం పెట్టి, ప్రతి ఉద్యోగీ కనీసం నాలుగు గంటలు నేర్చుకోవాలన్నారు. చదువుకు గంటలు ఇన్ని అని ముందే చెప్పడం నాకు నచ్చింది. ఆ గంటలు ఆఫీసు పనిలోంచే దొరకాలి.

మార్చిలో బడ్జెట్ రాసే మేనేజర్లను ఒకటే అడుగుతున్నాను. లాగిన్ల ఖర్చు రాసిన వరుస కింద ఇంకొక వరుస రాయండి: షిఫ్టు లోపల ఒక్కొక్కరికి నెలకు ఎన్ని గంటలు, పక్కన నిలబడి చూసేవాళ్ళు ఎవరు, ఏ భాషలో. ఆ వరుస ఖాళీగా ఉంటే ఆ ఏడాదికి లాగిన్లు కొనకండి. ఆ డబ్బుతో చెయ్యి తిరిగిన ఒక ఆపరేటరును లైను నుంచి తప్పించి, కొత్తవాళ్ళ పక్కన నిలబెట్టండి.