నాలుగు రంధ్రాలు, మూడు నాబులు

బ్లూస్ వాయించడానికి ఆంప్ కొందామని బయల్దేరినవాళ్లు ముందుగా అడిగేది ‘వాట్లెన్ని?’ అని. వాట్లు ఎక్కువైతే మోత ఎక్కువన్నది వాళ్ల లెక్క. నిజానికి వాట్లు రెండింతలైతే పెరిగే శబ్దం 3 డెసిబెల్సే. 12 వాట్ల ఆంప్‌కీ 48 వాట్ల ఆంప్‌కీ మధ్య తేడా 6 డెసిబెల్సు. మోత రెట్టింపైందని చెవికి తోచాలంటే దాదాపు 10 కావాలి. కాబట్టి అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఈ పెట్టె ఎక్కడ తడబడుతుంది? మెల్లగా మీటితే తేటగా పలికి, గట్టిగా మీటితే గొంతు బొంగురుపోయే చోటు ప్రతి వాల్వు ఆంప్‌లోనూ ఒకటుంటుంది. బ్లూస్ గిటార్ ప్రాణమంతా ఆ గీతకు అటూ ఇటూ తిరగడంలోనే ఉంది. ఆ గీత మన వేళ్లకు అందుబాటులో ఉందా, లేక వీధి వీధంతా లేచి కూర్చునే మోత దాటాక గానీ రాదా అన్నది చూసుకుని కొనాలి.

అలా చూస్తే, నాకు అన్నిటికంటే ముచ్చటగా కనిపించే పనితనం కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ ఊళ్లో ఫెండర్ కంపెనీ 1955 నుంచి 1960 దాకా చేసిన డీలక్స్‌ది. దాని సర్క్యూట్‌ను 5ఇ3 అంటారు. లక్క పూసిన ట్వీడ్ గుడ్డ అతికించిన చెక్కపెట్టె, 12 అంగుళాల జెన్సన్ స్పీకర్ ఒకటి, పైన మెరిసే లోహపు పట్టీ మీద మూడు నాబులు. రెండు వాల్యూమ్‌కి, ఒకటి టోన్‌కి. బాస్, ట్రెబుల్ అని విడివిడిగా లేవు. రివర్బ్ లేదు, ట్రెమొలో లేదు. నాబుల మీద అంకెలు మాత్రం 12 దాకా ఉంటాయి. పది దగ్గర ఆగకపోవడం ఎవరి సరదానో!

దీన్ని చేసిన లియో ఫెండర్‌కి గిటార్ వాయించడం రాదు. 1938లో రేడియో రిపేరు దుకాణం పెట్టుకున్న మనిషి. ఆయన చుట్టూ చేరినవాళ్లలో ఎక్కువమంది వెస్టర్న్ స్వింగ్ వాయించేవాళ్లు. వాళ్లకి కావలసింది తేటైన శబ్దం, ఆయన చెయ్యాలనుకున్నదీ అదే. లోపలి సామాను కూడా రేడియో సామానే. మీట తిప్పి, వేడెక్కేదాకా కాచుకుని వార్తలు విన్న వాల్వు రేడియోలు మన ఇళ్లలో ఉన్న కాలమది. ఈ ఆంప్‌లో చివర స్పీకర్‌ని నడిపే 6వి6 వాల్వులు అమెరికా రేడియోల్లోనూ విరివిగా వాడినవే.

ఇక గిటార్ తీగ గుచ్చే రంధ్రాలు. మొత్తం నాలుగు. రెండింటి పక్కన ‘మైక్’ అనీ, రెండింటి పక్కన ‘ఇన్‌స్ట్రుమెంట్’ అనీ రాసి ఉంటుంది. పాడేవాళ్లూ వాయించేవాళ్లూ ఒకే పెట్టెను పంచుకునే రోజులకు తగ్గ ఏర్పాటది. అందుకే రెండు వాల్యూమ్‌లు. ఆ రెండు దారులూ లోపల ఒక చోట కలుస్తాయి గానీ, ఒకదాని ఒత్తిడి మరోదాని మీద పడకుండా మధ్యలో అడ్డేమీ పెట్టలేదు. దాంతో ఒక నాబు తిప్పితే రెండో దారి శబ్దమూ మారుతుంది. ఇంజనీరింగ్ పరీక్షలో మార్కులు పోయే పని. వాయించేవాళ్లకి మాత్రం వరమైంది. గిటార్ ఒక దారిలో గుచ్చి, ఏమీ గుచ్చని రెండో దారి వాల్యూమ్‌ని కొద్దికొద్దిగా తిప్పుతూ పోతే శబ్దం ఒక చోట చిక్కబడుతుంది, చివరిదాకా తిప్పితే పల్చబడి మోత తగ్గుతుంది. మూడే నాబులున్న పెట్టెలో అన్ని రకాల శబ్దాలు దొరకడానికి కారణం ఈ ‘లోపమే’.

వెనక పలక విప్పి చూస్తే పని అసలు రూపం కనిపిస్తుంది. నల్లటి ఫైబర్ అట్టకు వరసగా ఇత్తడి కన్నాలు, వాటిలోకి దూర్చి టంకం వేసిన రెసిస్టర్లు, పసుపుపచ్చ కండెన్సర్లు. గుడ్డ చుట్టిన తీగలు. కొసన ఆ గుడ్డని గోటితో వెనక్కి నెట్టి టంకం వేసెయ్యొచ్చు, చాకుతో చెక్కే పని లేదు. ఏ భాగం ఎక్కడుందో ఒక్క చూపులో తెలుస్తుంది. అరవై ఏళ్ల తర్వాత కూడా ఏ ఊరి మెకానిక్ అయినా చెడిన ముక్కని మాత్రమే మార్చగలగడం దీని చలవే. కొన్ని పెట్టెల్లో చాసిస్ లోపల చిన్న మాస్కింగ్ టేపు ముక్క ఉంటుంది. దాని మీద ఆ అట్టకు తీగలు కలిపి టంకం వేసిన కార్మికురాలి పేరు, చేత్తో రాసినది. పెట్టె గోడకు అతికించిన వాల్వుల పట్టీ మీద రెండక్షరాల ముద్ర: మొదటిది సంవత్సరం, రెండోది నెల. 1951కి ‘ఎ’ అనుకుని లెక్కపెట్టుకుంటే ‘జిసి’ అంటే 1957 మార్చి.

పెట్టె పైన్ చెక్కది. మూలల దగ్గర పలకల అంచులు పళ్లు పళ్లుగా కోసి, ఒకదానిలో ఒకటి దూర్చి జిగురుతో బిగించారు. స్పీకర్ బిగించిన పలక పల్చటిది. దాన్ని పైనా కిందా మాత్రమే పట్టించి పక్కలు వదిలేశారు. దాంతో స్పీకర్‌తో పాటు పలకా ఊగుతుంది, తేలికైన చెక్క కాబట్టి పెట్టే ఊగుతుంది. మందపాటి ప్లైవుడ్‌లో దిట్టంగా కట్టిన ఆంప్‌లో ఈ వెచ్చదనం రాదు. అయితే, బాగా పెంచినప్పుడు మంద్రస్థాయి వదులై బురబురలాడుతుంది, అదీ ఇక్కడినుంచే కొంత వస్తుంది.

ఇప్పుడు ఆ తడబాటు సంగతి. గిటార్ సిగ్నల్ మొదట 12ఎవై7 అనే వాల్వులోకి వెళ్తుంది. తర్వాతి ఆంప్‌లలో ఎక్కువగా కనిపించే 12ఎఎక్స్7 సిగ్నల్‌ని పెంచే శక్తి 100 అనుకుంటే దీనిది 44. అంటే మొదటి మెట్టులోనే చిరచిరలాడదు. శబ్దం విరిగేది వెనకాల, 6వి6ల దగ్గర, అదీ అంచెలంచెలుగా. గట్టిగా మీటినప్పుడు ఆ జంట వాల్వులు ఎక్కువ కరెంటు లాగుతాయి. కరెంటుని ఏసీ నుంచి డీసీకి మార్చే 5వై3 కూడా వాల్వే కాబట్టి ఆ క్షణంలో ఓల్టేజి కుంగుతుంది. రెండు 6వి6ల కింద కలిపి ఒకే 250 ఓమ్‌ల రెసిస్టర్ ఉంది. కరెంటు పెరిగితే దాని మీద ఓల్టేజి పెరిగి వాల్వుల్ని వెనక్కి లాగుతుంది. రెండూ కలిసి మీటు మొదటి దెబ్బను అదిమిపెట్టి, స్వరం తోకను పైకి లేపుతాయి. తీగను పక్కకు లాగి స్వరాన్ని పైకి జార్చినప్పుడు ఆ స్వరం చప్పున చచ్చిపోకుండా ఊపిరి పోసుకుని సాగేది అందుకే. వీణ మీద గమకం పలికించేవాళ్లకి ఈ సాగుడు విలువ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇంకొకటి, అక్కడ లేనిది. చాలా ఆంప్‌లలో స్పీకర్ దగ్గర్నుంచి కొంత సిగ్నల్‌ని వెనక్కి తెచ్చి తప్పుల్ని సరిదిద్దే నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఉంటుంది. దానివల్ల శబ్దం చాలాసేపు తేటగా ఉండి, హఠాత్తుగా విరుగుతుంది. 5ఇ3లో అది లేదు. కాబట్టి తేటదనం నుంచి బొంగురుకి జారడం నునుపుగా ఉంటుంది, ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపలేం. ఆంప్‌ని పెంచి ఉంచి, గిటార్ మీది వాల్యూమ్ నాబుతోనే పాటంతా నడిపించుకోవచ్చు. సగానికి తగ్గిస్తే పక్కవాద్యం, పూర్తిగా పెంచితే సోలో. కాలితో నొక్కే పెట్టెలేవీ అక్కర్లేదు.

బ్లూస్ చరిత్రంతా ఈ ఒక్క ఆంప్ చుట్టూనే తిరిగిందని చెప్పను. 1943లో మిసిసిపి నుంచి షికాగో చేరిన మడ్డీ వాటర్స్, మరుసటేడు ఎలక్ట్రిక్ గిటార్ పట్టాడు. గోలగా ఉండే బార్లలో మామూలు గిటార్ వినబడదు మరి. బడ్డీ గై పేరుతో ముడిపడింది ఫెండర్ బాస్‌మన్, నాలుగు 10 అంగుళాల స్పీకర్లది. ఆ బాస్‌మన్ సర్క్యూట్‌నే దగ్గర పెట్టుకుని లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణంవాళ్లు జెటిఎం45 చేశారు. 1966లో జాన్ మేయల్ ఆల్బమ్ కోసం డెక్కా స్టూడియోలో ఎరిక్ క్లాప్టన్ వాయించింది ఆ వంశానికి చెందిన మార్షల్ మీదే. స్టేజీ మీద ఎంత మోతో అంతే మోతతో రికార్డు చెయ్యాలని పట్టుబట్టాడు. అదే క్లాప్టన్ 1970లో మయామీలో ‘లేలా’ ఆల్బమ్‌కి వాడింది ఫెండర్ చాంప్, 5 వాట్లు! ఇక బి.బి. కింగ్ ఏళ్ల తరబడి వాడిన ల్యాబ్ సిరీస్ ఎల్5లో వాల్వులే లేవు, అంతా ట్రాన్సిస్టర్లు. వాల్వు లేనిదే బ్లూస్ లేదని వాదించేవాళ్లు ఆ పేరు రాగానే మాట మారుస్తారు.

రికార్డింగ్‌కి మాత్రం చిన్నవాటికే నా ఓటు. గదిలో పెట్టి, విరిగే గీత దాకా పెంచినా మైకు తట్టుకుంటుంది, గోడలు దడదడలాడవు. ష్యూర్ ఎస్ఎం57 లాంటి మామూలు మైకు చాలు. స్పీకర్ ముందున్న గుడ్డకు దాదాపు ఆనించి, స్పీకర్ మధ్యబొడిపెకి ఎదురుగా పెడితే శబ్దం పదునుగా, అంచువైపు జరిపితే మెత్తగా వస్తుంది. ఒక్క అంగుళం జరిపితే చాలు, టోన్ నాబు తిప్పినదానికంటే ఎక్కువ తేడా వినిపిస్తుంది. మైకుని నాలుగడుగులు వెనక్కి జరిపితే గది కూడా పలుకుతుంది. గది బాగుంటే అదే మేలు.

ఇది అందరికీ పనికొచ్చే పెట్టె కాదు. దడదడ బాదే డ్రమ్మర్ పక్కన, పెద్ద వేదిక మీద, తేటగా వినబడాలనుకునేవాళ్లు దీంతో అవస్థ పడతారు. వాళ్లకి 1963లో మొదలైన డీలక్స్ రివర్బ్ నయం. అవే 6వి6లు, కానీ 22 వాట్లు, పైగా ఫీడ్‌బ్యాకూ రివర్బూ ఉన్నాయి. పాత 5ఇ3ల ధర మామూలు మనిషికి అందదు. అదే సర్క్యూట్‌తో చేత్తో తీగలు కలిపి చేసిన కొత్తవీ, ఇంట్లో కూర్చుకునే కిట్లూ దొరుకుతున్నాయి. అమెరికా నుంచి బంధువుల చేత తెప్పించుకుంటే మాత్రం అది 120 ఓల్టులకు చేసినదా కాదా చూసుకోవాలి. చేసినదైతే మన 230 ఓల్టుల ప్లగ్గులో పెట్టే ముందు తగిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. పాతదానికి ఎర్త్ లేని రెండు పుల్లల ప్లగ్గే ఉంటుంది, దాన్ని మూడు పుల్లలదిగా మార్పించాలి. కిట్ కూర్చుకునేవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి: లోపల 350 ఓల్టుల దాకా నడుస్తుంది, ప్లగ్గు పీకేశాక కూడా కండెన్సర్లలో అది నిలిచే ఉంటుంది. వాటిని ఖాళీ చేసి, మీటర్ పెట్టి చూసుకున్నాకే లోపల చెయ్యి పెట్టాలి.