జవాబు వినని మధ్యవర్తి: ఆర్డుయినోఐఎస్‌పి ప్రోగ్రాముపై విమర్శ

ఎటిటైనీ 85 అను సూక్ష్మ నియంత్రకము చింతగింజంత వస్తువు. ఎనిమిది పిన్నులు, 8 కిలోబైట్ల ఫ్లాష్ మెమరీ, 512 బైట్ల ర్యామ్, ఇంతే దాని ఆస్తి. అట్మెల్ సంస్థ దీనిని రూపొందించినది. 2016లో ఆ సంస్థను మైక్రోచిప్ సంస్థ కొనినది. ఒక దీపమును వెలిగించి ఆర్పుటకు, కుండీలోని మట్టి తడిని కనిపెట్టుటకు, చిన్న మోటారును నడుపుటకు ఈమాత్రము చాలును. కాని కంప్యూటరునుండి నేరుగా ప్రోగ్రామును అందుకొనుటకు దీనికి యుఎస్‌బి ద్వారము లేదు. నడుమ ఒక మధ్యవర్తి కావలెను. అభిరుచికొలది ఎలక్ట్రానిక్సు నేర్చువారు తమయొద్ద నున్న ఆర్డుయినో ఊనో బోర్డునే మధ్యవర్తిగా నియమించుకొందురు.

ఆ బోర్డులో ఉండి మధ్యవర్తిత్వము నెరపునది ర్యాండల్ బోన్ వ్రాసిన ఆర్డుయినోఐఎస్‌పి అను ప్రోగ్రాము. దాని తలకట్టులోని హక్కుల ప్రకటన 2008తో మొదలగును. కంప్యూటరులో ఉండి ఆజ్ఞలిచ్చునది బ్రయన్ డీన్ ఆరంభించిన ఎవిఆర్‌డ్యూడ్. రెండును ఉచితముగా లభించును. రెండింటి మూలమును ఎవరైనను తెరచి చదువవచ్చును. చదువదగినదానిని విమర్శించుటయు తగును. పని సాగినంతసేపు ఈ జంటను ఎవరును తలంపరు. పని చెడినపుడు ఇవి వినియోగదారునకు ఏమి చెప్పుచున్నవి, ఆ చెప్పినది అతనికి దారి చూపుచున్నదా అనునదే ఇచ్చట విచారణీయము.

ఆర్డుయినో 1.8 శ్రేణితో వచ్చిన ఎవిఆర్‌డ్యూడ్ 6.3 చెప్పు మాటను చూడుడు. మొదట కనబడిన సంతకము 000000 అను లెక్క. పిదప తెలుగున "అయ్యబాబోయ్" అనదగిన ఒక ఆశ్చర్యార్థకము. పిదప సంతకము చెల్లదను వాక్యము. తుదకు, తీగలను మరల సరిచూచుకొనుము, లేదా ఎఫ్ అను ఐచ్ఛికముతో ఈ పరీక్షను త్రోసిపుచ్చుము అను సలహా. సంతకమనగా చిప్ తన జాతిని తెలుపుకొను మూడు బైట్లు. ఎటిటైనీ 85కు అవి 1ఇ 93 0బి. 1ఇ అన్నది అట్మెల్ వంశము, 93 అన్నది 8 కిలోబైట్ల మెమరీ, 0బి అన్నది ఆ తరగతిలో దాని సంఖ్య.

ఈ మాటను మొదటిసారి చూచు విద్యార్థి స్థితి ఊహింపదగినది. 2016లో ఆరంభమైన అటల్ ఇన్నొవేషన్ మిషన్ పాఠశాలలలో నెలకొల్పిన టింకరింగ్ ప్రయోగశాలల మూలమున ఇట్టి బోర్డులు ఆంధ్ర, తెలంగాణములలోని బాలురకు, బాలికలకు కూడ అందినవి. తీగలను ఒకసారి సరిచూచును, రెండుసార్లు సరిచూచును. అవి సరిగానే ఉండును. చిప్ చచ్చినదని నిశ్చయించి దానిని ప్రక్కన బెట్టును. తప్పు తీగలలో కాక మరి నాలుగుచోట్ల ఉండవచ్చునని ఆ సందేశము అతనికి చెప్పదు. చిప్ ఖరీదు స్వల్పమే. తన చేతిలో ఏదియు పనిచేయదను తీర్మానమునకు వచ్చి అతడు లేచిపోవుటయే అసలు నష్టము.

ఇట్లగుటకు కారణము ఎవిఆర్‌డ్యూడ్ ఒక్కటే కాదు. నిజమునకు అది గొలుసును రెండు ముక్కలుగా బాగుగనే విడదీయుచున్నది. ఊనో బోర్డే పలుకనిచో "పొత్తు కుదరలేదు" అను వేరొక సందేశమును ఇచ్చును. అనగా పోర్టు తప్పు, వేగము తప్పు, లేక బోర్డులో ఆర్డుయినోఐఎస్‌పి లేదు. సంతకము చెల్లదన్న సందేశము వచ్చినదన్నచో కంప్యూటరునుండి ఊనోవరకు దారి బాగుగ నున్నదని గ్రహింపవచ్చును. చిక్కంతయు ఊనోనుండి చిప్ వరకుగల రెండవ ముక్కలో ఉన్నది. ఆ ముక్కను కాపాడవలసిన కావలివాడు ఆర్డుయినోఐఎస్‌పి.

చిప్‌తో సంభాషణ ఆరంభించు విధమును దాని డేటాషీటు స్పష్టముగా చెప్పుచున్నది. రీసెట్ పిన్నును క్రిందికి దింపి నాలుగు బైట్లు పంపవలెను. మొదటిది ఎసి, రెండవది 53. చిప్ జీవించియుండి, మాట దానికి అందినచో, మూడవ బైటు పోవుచుండగా అదే 53ను తిరిగి పలుకును. పిలిచిన పేరును మరల పలికి "వింటిని" అనుటవంటిది ఇది. పలుకనిచో రీసెట్‌ను ఒకసారి పైకెత్తి, దింపి, మరల పిలువవలెనని కూడ డేటాషీటు విధించుచున్నది.

ఆర్డుయినోఐఎస్‌పి ఏమి చేయుచున్నది? నాలుగు బైట్లను శ్రద్ధగా పంపుచున్నది. కాని ఆ పని చేయు చిన్న ఫంక్షను మొదటి మూడు బైట్లకు వచ్చిన జవాబులను పారవైచి నాల్గవదానినే తిరిగి ఇచ్చును. పిలుపునకు సాక్ష్యమైన 53 వచ్చునది మూడవ బైటులో. అది అచ్చటనే పోయినది. నాల్గవ జవాబునైనను ఆరంభపు ఫంక్షను చూడదు. వెంటనే "ప్రోగ్రామింగ్ దశలో ఉన్నాము" అని గుర్తు పెట్టుకొని కంప్యూటరునకు "సరే" అని చెప్పివేయును. రొట్టెబోర్డుపై చిప్ అసలు లేకున్నను ఈ "సరే"కు కొరత లేదు. తలుపు తట్టి, లోపలివారు పలికిరో లేదో వినకయే "ఇంట ఉన్నారు" అని కబురు పంపు బంట్రోతు తీరు ఇది. ఆ కబురును నమ్మి ఎవిఆర్‌డ్యూడ్ సంతకమును అడుగును, సున్నలు వచ్చును, అప్పుడు దానికి తోచినది "సంతకము చెల్లదు" అని. చెల్లకపోవుటకు అసలు సంతకమనునది ఏదీ రాలేదు. మూడవ బైటును ఉంచుకొని 53తో పోల్చుటకు కొన్ని పంక్తులు మించి పట్టవు.

ఎర్రదీపము సంగతియు అంతే. 9వ పిన్నున గుండెకొట్టుకొను దీపము, 8వ పిన్నున తప్పు జరిగినపుడు వెలుగు దీపము, 7వ పిన్నున పని సాగుచున్నదని తెలుపు దీపము, ఇట్లు మూడు దీపములను ప్రోగ్రాము ఏర్పాటు చేసినది. ఏర్పాటు మెచ్చదగినదే. అయితే 8వ పిన్ను దీపము కంప్యూటరుతో జరుగు సంభాషణలోని తప్పులకే వెలుగును. చిప్ పలుకకున్నంతమాత్రమున అది వెలుగదు. దీపము ఆరియున్నది కావున తన అమరికలో దోషము లేదని నమ్మిన విద్యార్థిని నిందింపరాదు.

ఇంత చెప్పిన పిమ్మట ఈ ప్రోగ్రాములోని మేలిభాగమును చెప్పకున్న అన్యాయమగును. గడియారపు వేగమును గూర్చిన వ్యాఖ్య అది. ఎటిటైనీ 85 కర్మాగారమునుండి వచ్చునపుడు దాని అంతర్గత గడియారము 8 మెగాహెర్ట్జ్. కాని ఒక ఫ్యూజు దానిని ఎనిమిదిచే భాగించుటవలన అది నిజముగ నడచునది 1 మెగాహెర్ట్జ్ వేగమున. ప్రోగ్రామింగ్ తీగపై ప్రతి ఎత్తు, ప్రతి పల్లము చిప్ గడియారపు రెండు చక్రములకంటె ఎక్కువసేపు ఉండవలెను. కావున ఆ తీగ వేగము 250 కిలోహెర్ట్జ్‌కు లోబడియుండవలెను. మూలములోని వ్యాఖ్య ఈ నియమమును చెప్పి, రెండుకు బదులు మూడు చక్రములు తీసికొని, గడియారమును ఆరుచే భాగింపుమని లెక్కచేసి చూపుచున్నది. 128 కిలోహెర్ట్జ్ మందగడియారమునకు మార్చిన చిప్‌కు ఏ సంఖ్య వేయవలెనో కూడ ప్రక్కనే వ్రాసియున్నది. ఇట్టి నాలుగు పంక్తులు నూరు పాఠములకు సమానము. ఏమి చేయవలెనో మాత్రమే కాక ఏల చేయవలెనో అందు కలదు. దురదృష్టమేమన, మందగడియారపు చిప్ పలుకనివాడు చూచునది తీగలను సరిచూచుకొమ్మను సందేశమును. ఈ వ్యాఖ్య ఉన్న చోటును కాదు.

పేర్ల విషయమున మాత్రము క్షమింపదగినది ఏమియు లేదు. ఊనోలో ఎక్కించు ప్రోగ్రాము పేరు ఆర్డుయినోఐఎస్‌పి. మెనూలో ప్రోగ్రామరుల పట్టికను తెరచినచో అందును ఆర్డుయినోఐఎస్‌పి అని ఒకటి ఉన్నది. సహజముగ విద్యార్థి దానినే ఎన్నుకొనును. అది వేరొక పరికరము పేరు. ఎన్నుకొనవలసినది "ఆర్డుయినో యాజ్ ఐఎస్‌పి" అన్నది. ఒకే ఇంటిపేరుగల ఇద్దరిని ఎదురెదురు ఇండ్లలో ఉంచి, ఉత్తరము తప్పు చేరినదని తపాలావానిని తిట్టుటవలె నున్నది. "బూట్‌లోడరును ఎక్కించుము" అను ఆజ్ఞ మరొకటి. సాధారణముగ వాడు ఆర్డుయినో అమరికలో ఎటిటైనీ 85కు బూట్‌లోడరు ఉండదు. ఈ ఆజ్ఞ చేయు ముఖ్యకార్యము ఫ్యూజులను మార్చుట. పేరు చూచి "నాకు బూట్‌లోడరుతో పనిలేదు" అని దానిని దాటవేసినవాడు, మెనూలో 8 మెగాహెర్ట్జ్ ఎంచుకొని దీపము ప్రోగ్రామును ఎక్కించును. సెకనుకొకసారి మారవలసిన దీపము ఎనిమిది సెకనులకొకసారి మారును. తప్పు తన లెక్కలో ఉన్నదని రాత్రియంతయు ప్రోగ్రామును దిద్దుకొనుచుండును.

ఇక పాఠములలో మంత్రమువలె వల్లించు 10 మైక్రోఫారడ్ కెపాసిటరు. కంప్యూటరు పోర్టును తెరచినపుడెల్ల ఊనో తనకు తాను రీసెట్ అగును. అప్పుడు మధ్యవర్తికి బదులు దాని బూట్‌లోడరు మేల్కొనును. రీసెట్ పిన్నునకు, భూమికి నడుమ కెపాసిటరు నుంచినచో ఆ తాకిడి అణగిపోవును. ధనాగ్రము రీసెట్ వైపు ఉండవలెను. ఆర్డుయినోఐఎస్‌పిని ఎక్కించిన తరువాతనే దానిని పెట్టవలెను. ముందే పెట్టినచో ఆ ఎక్కించుటయే సాగదు. ఈ కారణము చెప్పక, బొమ్మలో కెపాసిటరు మాత్రము చూపి ఊరకుండు పాఠములే ఎక్కువ.

పరీక్షను త్రోసిపుచ్చుమన్న సలహా అన్నిటికంటె చెడ్డది. ఈ సందేశమునకు వెనుకనున్న అంకెలే వైద్యుని చేతికి నాడివంటివి. సున్నలు గాని, అన్ని ఎఫ్‌లు గాని వచ్చినచో చిప్ పలుకలేదని సాధారణార్థము. తీగలు, విద్యుత్తు, గడియారము చూడవలెను. 1ఇ 92 06 వచ్చినచో తీగలన్నియు సరియే, చేతిలో ఉన్నది 85 కాదు, ఎటిటైనీ 45. 1ఇ 95 0ఎఫ్ వచ్చినచో అది ఎటిమెగా 328పి సంతకము. ఎక్కువపాళ్లు ఊనో బూట్‌లోడరే తన సంగతి చెప్పుకొనినదన్నమాట. ప్రతిసారి ఒక్కొక్క తీరున మారు అంకెలు వచ్చినచో వదులు తీగ గాని, మితిమీరిన వేగము గాని కారణము కావచ్చును. ఇంత సమాచారము తెరపై ఉండగా దానిని చూడకుండ సాగిపొమ్మని అదే తెర చెప్పుచున్నది. పలుకని చిప్‌కు ఈ ఐచ్ఛికముతో ఒరుగునదేమియు లేదు. వేరుజాతి చిప్‌పై వాడినచో ఆ చిప్‌కు తగని ఫ్యూజులు పడవచ్చును.

ఫ్యూజులతో వచ్చు చిక్కు నిజముగా గట్టిది. చిప్ ప్రక్కన స్ఫటికము లేకయే బాహ్య స్ఫటికపు ఫ్యూజును ఎన్నుకొనిన చిప్ మూగబోవును. దాని 2వ పిన్నునకు బయటనుండి గడియారపు సంకేతమును అందించినచో మరల మాటాడును. రీసెట్ పిన్నును మామూలు పిన్నుగా మార్చు ఫ్యూజును తాకినచో ఆర్డుయినోఐఎస్‌పి ఇక ఏమియు చేయజాలదు. అట్టి చిప్‌కు రీసెట్ పిన్నుపై 12 వోల్టులు పెట్టి ఫ్యూజులను యథాస్థితికి తెచ్చు పద్ధతి కలదు. ఒక ఊనో, ఒక ట్రాన్సిస్టరు, కొన్ని రెసిస్టర్లు, 12 వోల్టుల సరఫరా ఉన్నచో ఆ పరికరమును ఇంటనే అమర్చుకొనవచ్చును.