వీడియో గేమ్ మాడ్‌లు: పాఠాంతరం, కర్తృత్వం

ఉపోద్ఘాతం

పాత వీడియో గేమ్‌లో ఆటగాళ్లే కొత్త వాహనాలు, దారులు చేర్చుకోవడాన్ని ‘మాడింగ్’ అంటారు. 1999లో వచ్చిన బొమ్మకార్ల పందెపు ఆట ‘రీ-వోల్ట్’ను ప్రచురించిన అక్లెయిమ్ సంస్థ 2004లో దివాలా తీసింది. అభిమానులు చేర్చిన కార్లు, ట్రాక్‌లతో ఆ ఆట నేటికీ నిలిచి ఉంది. తెలుగు నేలపై ఇందుకు దగ్గరి ఉదాహరణ, మాలియో సంస్థ 2017లో విడుదల చేసిన ‘బస్ సిమ్యులేటర్ ఇండొనేషియా’. అందులోని బస్సులకు మన యువకులు ఆర్టీసీ రూపం ఇస్తున్నారు. ఈ మార్పులను పాఠవిమర్శ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

పాఠాంతరంగా లివరీ

బస్సు పైభాగాన్ని కప్పే బొమ్మను ‘లివరీ’ అంటారు. ఖాళీ నమూనాపై రంగులు, సర్వీసు పేరు, ఊరి పేరు దిద్ది ఆటలోకి ఎక్కిస్తారు. రెండు దేశాల్లోనూ వాహనాలు రోడ్డుకు ఎడమవైపే నడుస్తాయి. డ్రైవరు కుడివైపే కూర్చుంటాడు. కనుక మన బస్సు అందులో సులువుగా ఒదుగుతుంది. షిఫ్టుల వేళలతో నడిచే పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతపు యువకుడికి 65వ జాతీయ రహదారి మీది బస్సు నిత్యానుభవం. అతడు బస్సుపై ‘సంగారెడ్డి’ అని రాసుకున్నా, లివరీతో దారి మారదు. కిటికీ బయట ఇండొనేషియా ఊళ్లే కనిపిస్తాయి. ప్రక్షిప్తం తనను మూలంగా చెప్పుకుంటుంది. లివరీ తన భేదాన్ని ప్రకటిస్తుంది. అందువల్ల దీనిని పాఠాంతరం అనడమే సముచితం.

దీనికి కాలనిర్ణయం చేయగల అంతస్సాక్ష్యమూ ఉంది. తెలంగాణ వాహనాల నంబర్లలో ‘టీఎస్’ స్థానంలో ‘టీజీ’ 2024లో వచ్చింది. ‘టీజీ’ ఉన్న లివరీ అంతకు ముందుది కాదని భావించవచ్చు; ‘టీఎస్’ ఉన్నది తర్వాతిది కూడా కావచ్చు.

కర్తృత్వం

లివరీ కర్తలు పలువురు బస్సు అద్దంపైనో పక్కనో తమ పేరు రాసుకుంటారు. ఇది ఆశ్వాసాంత గద్యలో కవి తన పేరు చెప్పుకోవడం వంటిదే. ఆ పేరు చెరిపి మరొకరు పంచితే కృతి మిగులుతుంది, కర్త మాయమవుతాడు. అయితే ఆ కర్త కూడా ఆర్టీసీ చిహ్నాన్ని, మరొకరి నమూనాను ఆధారం చేసుకున్నవాడే. కాబట్టి అతనికి దక్కవలసినది సంపూర్ణ స్వామ్యం కాదు, చేసిన పనికి గుర్తింపు.

ముగింపు

తాళపత్రాలను సేకరించి పరిష్కరించిన తెలుగు పరిశోధన ఈ ఫైళ్లను పిల్లల ఆటగా తోసిపుచ్చరాదు. ఫోను పాడైతే ఫైలు పోతుంది; దానితో ఒక ప్రాంతం తనను తాను చిత్రించుకున్న తీరూ పోతుంది. కర్త కోరిన పేరు, తేదీ, మూల నమూనా అనే మూడు వివరాలతో వీటిని నమోదు చేసే పనిని స్థానిక కళాశాలల తెలుగు శాఖలు చేపట్టడం అవసరం.