తడి గాలిలో ఎండాకు

సింగపూర్‌లో చుట్టకూ చట్టానికీ ఎప్పుడూ పడదు. 1970లోనే సినిమా హాళ్లలో, బస్సుల్లో పొగ ఆపించిన దేశమిది. ఆ వెంటనే పొగాకు ప్రకటనలనూ మూసేసింది. 2017 ఆగస్టు నుంచి అమ్మేచోట సరుకును కంటికి కనబడేలా పేర్చకూడదన్నారు. కొనేవాడి కనీస వయసును ఏడాదికొక మెట్టు చొప్పున పెంచుకుంటూ పోయి 2021 నాటికి 21కి చేర్చారు. 2020 జులై నుంచి పెట్టెలన్నిటికీ ఒకటే మట్టిరంగు, ముప్పాతిక భాగం రోగాల బొమ్మలు. హవానా సిగార్ పెట్టెల మీది బంగారు పూత, రాజముద్రలు, తాటిచెట్లు, పతకాలు, ఒకటిన్నర శతాబ్దం పాటు ముద్రణ కళకే గర్వకారణమైన ఆ రంగుల కాగితాలన్నీ ఇక్కడ చెల్లకుండా పోయాయి.

విచిత్రమేమిటంటే, ఈ కట్టడి వల్ల సిగార్‌ని చూసే చూపు శుభ్రపడింది. పెట్టె అందం, అంగడి తళుకు, ప్రకటనలోని షోకు ఏవీ మిగల్లేదు. మిగిలింది ఆకు, దాని వయసు. క్యూబా సిగార్ గురించి చెప్పుకోదగ్గవి కూడా ఆ రెండే.

సుంకం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సింగపూర్ పొగాకు మీద వేసే ఎక్సైజు సుంకం సిగార్ల విషయంలో తూకాన్ని బట్టి ఉంటుంది, ధరను బట్టి కాదు. 2018లో పది శాతం, 2023లో పదిహేను శాతం పెంచారు. విమానాశ్రయంలో పొగాకుకు ఎలాంటి మినహాయింపూ లేదు, ఒక్క సిగార్ తెచ్చినా రెడ్ చానల్లోకి వెళ్లి చెప్పాల్సిందే. తూకం సుంకం కాబట్టి చవక సిగార్‌కీ ఖరీదైనదానికీ బరువు ఒకటైతే సుంకం కూడా ఒకటే. చవక సరుకు మీద ఆ భారం ధరను మించి కనిపిస్తుంది, మంచి సరుకు మీద అంతగా తెలియదు. దాంతో ఇక్కడ సిగార్ రుచి మరిగినవాళ్లు తక్కువ తాగుతారు, తాగే ఆ ఒక్కటీ మంచిది వెతుకుతారు. ఆరోగ్య శాఖ ఉద్దేశం సగం నెరవేరినట్టే.

ఇక ఆకు దగ్గరికి వద్దాం. క్యూబా పడమటి కొసన పినార్ దెల్ రియో అనే ప్రాంతం. అందులో వుయెల్తా అబాహో అనే జిల్లా, ఎర్రటి ఇసుకనేల. శాన్ లూయిస్, శాన్ హువాన్ యి మార్తీనెస్ ఊళ్ల చుట్టూ ఉన్న పొలాల్లోనే సిగార్‌కి కావలసిన అన్ని రకాల ఆకూ పండుతుంది. అక్టోబరు, నవంబరుల్లో నారు నాటి జనవరి నుంచి ఆకు కోస్తారు. గోదావరి వరద తీశాక లంకల్లోని ఒండ్రులో పొగాకు నాటే రైతుకి ఈ లెక్క కొత్తగా అనిపించదు. ప్రకాశం జిల్లా వర్జీనియా రైతు మాత్రం ఆశ్చర్యపోతాడు. అతను ఆకుని బ్యారన్‌లో వేసి గొట్టాల వేడితో కొద్ది రోజుల్లో పసుపు పట్టిస్తాడు. క్యూబాలో అలా కాదు. ఆకుని దబ్బనంతో జతలుగా దారానికి గుచ్చి, కొట్టంలో వాసాలకి వేలాడదీసి, గాలికి సుమారు యాభై రోజులు వదిలేస్తారు. వర్జీనియా ఆకులో చక్కెర నిలిచిపోతుంది. ఈ ఆకులో అది దాదాపు హరించుకుపోతుంది. సిగరెట్ పొగ ఆమ్లంగా, సిగార్ పొగ క్షారంగా ఉండటానికి మూలం అక్కడే ఉంది. క్షారపు పొగలోని నికోటిన్ నోటి లోపలి పొర గుండానే రక్తంలో కలుస్తుంది. అందుకే సిగార్ పొగని సాధారణంగా ఊపిరితిత్తుల్లోకి లాగరు, నోట్లో ఆడించి వదిలేస్తారు.

మొక్క మీద ఆకు ఎంత ఎత్తున ఉంటే అంత ఘాటు. ఎండ ఎక్కువ తగిలే పై ఆకుల్ని లిహేరో అంటారు. నూనె ఎక్కువ, బలం ఎక్కువ, నెమ్మదిగా కాలుతుంది. నడిమి ఆకు సేకో, సువాసనంతా దానిది. కింది ఆకు వొలాడో, రుచి తక్కువ, కానీ చక్కగా మండుతుంది. ఈ మూడింటి పాళ్లే ఒక్కో బ్రాండ్ స్వభావం. బొలివార్, పార్తగాస్ ఘాటైనవి కావడానికీ, ఓయో దె మోంటెరే మెత్తనిది కావడానికీ కారణం ఈ కలపడంలోనే ఉంది. పైన చుట్టే ఆకు మాత్రం వేరే పొలంలో, పల్చని గుడ్డ పందిరి కింద పెరుగుతుంది. సన్నగా, నరాలు పైకి తేలకుండా, పట్టులా సాగాలి. కోసి ఆరిన ఆకుని కుప్పవేసి మగ్గబెడతారు. కుప్ప దానంతట అదే వేడెక్కుతుంది, నలభై డిగ్రీల దరిదాపులకి రాగానే విప్పి తిరగవేస్తారు. అమ్మోనియా ఆవిరై పోవడం అక్కడ మొదలవుతుంది. లిహేరో ఆకు ఆ తర్వాత కూడా కనీసం రెండేళ్లు మూటల్లో నిద్రపోతుంది.

చుట్టేవాళ్ల చేతిలో ఉండే పనిముట్లు బల్ల, చవేతా అనే వంపుకత్తి, కాస్త జిగురు. మన చుట్టలు చుట్టే ముసలమ్మలకి అంతకంటే తక్కువే ఉండేవి. పనివాళ్లకి పుస్తకాలు, పేపర్లు చదివి వినిపించే మనిషిని ఫ్యాక్టరీలో కూర్చోబెట్టే ఆచారం హవానాలో 1865లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. మోంటెక్రిస్టో అన్న పేరు అలా విన్న నవల నుంచే వచ్చిందని చెబుతారు.

లంక పొగాకుకి ఇందులో దూరపు చుట్టరికం ఉంది. కోరంగి, కాకినాడ రేవుల నుంచి బర్మా వెళ్లిన సరుకులో గోదావరి ఆకు ఉండేది, రంగూన్ చుట్టల్లోకి అది చేరేది. 1887 నాటి మొదటి షెర్లాక్ హోమ్స్ నవలలో డిటెక్టివ్ బూడిద చూసి ఇది తిరుచిరాపల్లి చుట్ట అని గుర్తుపడతాడు. మన పక్క చుట్ట పేరు అంత దూరం పాకింది. ఇక కన్యాశుల్కంలో గిరీశం చుట్టని ఎంత గొప్పగా సమర్థించాడో తెలుగువాడికి చెప్పనక్కర్లేదు. మనకి ఆకు ఉంది, చుట్టే చేయి ఉంది, పొగిడే నోరూ ఉంది. చుట్టిన చుట్టని పదేళ్లు దాచి తాగాలన్న ఊహ మాత్రం మనకి తట్టలేదు. కట్ట కొన్నవాడు ఆ వారంలోనే కాల్చేస్తాడు.

ఆ దాచడం గురించే ఈ వ్యాసం.

కొత్త సిగార్ ముక్కు దగ్గర పెట్టుకుంటే పశువుల కొట్టం వాసన వస్తుంది. అది లోపలింకా మిగిలిన అమ్మోనియా. చుట్టేటప్పుడు ఆకుని తడిపి మెత్తబరుస్తారు కనుక ఆగిన పులియడం మళ్లీ కదులుతుంది. చుట్టిన కొన్ని నెలల తర్వాత నుంచి ఏడాది, రెండేళ్ల దాకా సిగార్ ఒక జబ్బులాంటి దశలో ఉంటుంది. ఆ కాలంలో చేదుగా, గరుకుగా, నాలుక మీద లోహం పెట్టినట్టుగా ఉంటుంది. ఆ దశ దాటాక గానీ అసలు మగ్గడం మొదలు కాదు. ఈ దశలన్నిటినీ పేరుపెట్టి విడదీసి చెప్పినవాడు హాంకాంగ్‌కి చెందిన మిన్ రాన్ నీ. విప్లవం తర్వాతి హవానా సిగార్ల మీద 2003లో ఆయన వేసిన లావుపాటి గ్రంథం ఆసియా సేకరణకర్తలకి ప్రమాణం.

ఏళ్లు గడిచేకొద్దీ సిగార్‌లో కొత్తగా ఏదో చేరుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది తరుగుదల. అమ్మోనియా పోతుంది, వగరు తగ్గుతుంది, నికోటిన్ పోటు మెత్తబడుతుంది, తేలికగా ఆవిరయ్యే నూనెలు కొంత ఎగిరిపోతాయి. కొత్త బియ్యం ముద్దయ్యేచోట పాత బియ్యం పువ్వులా విడివడినట్టు, తడి తగ్గిన ఆకులో దాగిన రుచులు ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయి. ఘాటు వెనక ఇన్నాళ్లూ ఉన్న కోకో, జాజికాయ, ఎండుగడ్డి, తేనె, తోలు, తాటిబెల్లం అప్పుడు నాలుకకి అందుతాయి. అయితే అన్నీ మగ్గే కొద్దీ బాగుపడవు. పార్తగాస్ సిరీస్ డి నంబర్ 4 లాంటి బలమైనదానికి అయిదు నుంచి పదేళ్లు మేలు చేస్తాయి. ఓయో లాంటి మెత్తనిదాన్ని అంతకాలం ఉంచితే వేడి గాలి తప్ప ఏమీ మిగలకపోవచ్చు. ముప్పయ్యేళ్ల సిగార్ అంటూ వేలంలో ఎగబడి కొనేవాళ్ల మీద నాకు పెద్దగా గౌరవం లేదు. అందులో చాలావాటికి ఉన్నది వయసు మాత్రమే.

పెట్టె వయసు తెలుసుకోవడం సులువే. క్యూబా పెట్టె అడుగున ఫ్యాక్టరీ సంకేతం, నెల, సంవత్సరం ముద్ర వేస్తారు. 2000 నుంచి నెల పేరు స్పానిష్ పొడి అక్షరాల్లో ఉంటుంది. ముదిరిన సరుకుకి ఉన్న గిరాకీ చూసి, క్యూబా సిగార్లు అమ్మే హబానోస్ సంస్థ తానే కొన్ని సిగార్లని అయిదు నుంచి ఎనిమిదేళ్లు మగ్గబెట్టి అనెహాదోస్ పేరుతో అమ్మింది.

ఇప్పుడు సింగపూర్ గాలి. సిగార్ శాస్త్రమంతా యూరప్‌లో రాసుకున్నది, అక్కడి బాధ ఎండిపోవడం. అందుకే హ్యూమిడార్ అంటే తడి ఇచ్చే పెట్టె. ఇక్కడ గాలిలో తేమ సగటున 80 శాతం పైనే, తెల్లవారుజామున 90 దాటుతుంది. సిగార్‌కి కావలసింది 65 నుంచి 70 శాతం. కాబట్టి సింగపూర్‌లో హ్యూమిడార్ పని తడి పీల్చడం. అనుభవం ఉన్నవాళ్లు చాలామంది 62 నుంచి 65 దగ్గరే ఆపుతారు. ఆ తేమలో ఆకు నెమ్మదిగా మగ్గుతుంది, బాగా మండుతుంది, బూజు పట్టదు. పేరుకి దేవదారు అయినా వేప కుటుంబానికి చెందిన స్పానిష్ సెడార్ చెక్క పెట్టెలోనే ఉంచి, దాన్ని గాలి చొరని సంచిలో బిగించి, తేమని ఒకే స్థాయిలో నిలిపే పొట్లాలు వేసి, వైన్ కోసం చేసిన శీతల అలమారాలో పెడతారు. అలమారా మాటిమాటికి తెరవకూడదు. బయటి వేడి గాలిలోని తేమ చల్లటి చెక్క మీద నీటి బొట్లుగా దిగుతుంది.

వేడి మరో శత్రువు. 25 డిగ్రీలు దాటితే ఆకులో దాగిన పొగాకు పురుగు గుడ్లు పొదిగి బయటికొస్తాయి. సెలవులకి ఇండియా వెళ్తూ ఏసీ ఆపేసినవాడికి తిరిగొచ్చేసరికి సూదిబెజ్జాల సిగార్లు మిగలొచ్చు. అనుమానం ఉన్న పెట్టెని మూడు రోజులు ఫ్రీజర్‌లో, ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచి నెమ్మదిగా మామూలు వేడికి తెస్తే గుడ్లు చస్తాయి. ఇంకొకటి, సిగార్ మీద తెల్లటి పొడి కనబడితే అది ముదిరిన నూనెల స్ఫటికమని, అదృష్టమని అమ్మేవాళ్లు అంటారు. ఈ ఊళ్లో అది నూటికి తొంభై పాళ్లు బూజే. తుడిచేయండి. చివరి కొస మీద, లోపలి ఆకుకి పాకిందా, పారేయండి.

కాల్చే రోజుకి ఒకటి రెండు రోజుల ముందే సిగార్‌ని తేమ పొట్లం లేని పొడి సెడార్ పెట్టెలోకి మార్చడం ఇక్కడి పద్ధతుల్లో తెలివైనది. కాస్త తడి తగ్గుతుంది, లాగుడు సులువవుతుంది. బాల్కనీలో, వాన వెలిసిన సాయంత్రం వెలిగిస్తే పై ఆకు గాలిలో తడి తాగి ఉబ్బుతుంది, ఒకవైపే కాలుతుంది, పదే పదే ఆరిపోతుంది. మగ్గిన సిగార్‌ని చల్లని గదిలోనే కాల్చాలి. ఆర్చర్డ్ రోడ్డు పరిసరాలు 2019 నుంచి గుర్తించిన కొన్ని చోట్ల తప్ప పొగరహితం కనుక కాళ్లు ఎటు తిప్పాలో ముందే చూసుకోవాలి.

నోట్లో పెట్టుకునే కొస, అంటే తల దగ్గర టోపీలా అంటించిన ఆకుముక్క ఉంటుంది. వంపు తిరిగే గీతకి పైనే, రెండు మిల్లీమీటర్ల మేర కొయ్యాలి. కిందికి కోస్తే పై ఆకు విప్పుకుపోతుంది. వెలిగించకముందే ఒకసారి లాగి చూడాలి. ఆ చల్లని గాలిలోనే సిగార్ సగం జాతకం తెలిసిపోతుంది. ఎండుద్రాక్ష వాసనొస్తే మగ్గింది, ముక్కు చురుక్కుమంటే ఇంకా కాలేదు. పెట్రోల్ లైటర్ వద్దు. గ్యాస్ మంటకో, సెడార్ పుల్లకో పైన ఎత్తిపట్టి, మంట తాకకుండా పాదాన్ని, అంటే కాలే కొసని, తిప్పుతూ కాచాలి. అంచంతా ఎర్రబడ్డాక నోట పెట్టుకోవాలి.

తర్వాత అసలు విద్య, తొందరపడకపోవడం. నిమిషానికి ఒక్క గుక్క చాలు. త్వరగా లాగితే కొస వేడెక్కి నూనెలు మాడి చేదెక్కుతుంది. వయసున్న సిగార్‌లో ఆ నష్టం మరీ ఎక్కువ, ఎందుకంటే అందులోని రుచులు సన్నవి. పొగని నోట్లో ఆడించి, కొద్దిగా మాత్రం ముక్కు గుండా వదిలితే జాజికాయ, మిరియం, సెడార్ అక్కడ దొరుకుతాయి. నాలుకకి తెలిసేవి కొన్నే, మిగతాదంతా ముక్కు పనే. మొదటి మూడోవంతు పల్చగా, గడ్డి వాసనతో ఉంటుంది. నడుమ భాగం కమ్మగా, కాఫీ, కోకోలతో తేరుకుంటుంది. చివరిది కారంగా, చిక్కగా అవుతుంది. రొబుస్తో అనే పొట్టి, లావు సైజుకి ఇదంతా ముప్పావు గంట నుంచి గంట. బూడిద ఒక అంగుళం దాటాక మెల్లగా తాకించి రాల్చాలి. చివర్లో చేదెక్కితే ఆపేయాలి, నలపకూడదు.

పక్కన విస్కీ పెట్టడం అలవాటే గానీ మగ్గిన సిగార్‌ని అది తొక్కేస్తుందని నా అభిప్రాయం. ఈ ఊరిచ్చే జోడీలు రెండున్నాయి. ఒకటి ముదిరిన పూఎర్ టీ, అదీ మగ్గిన ఆకే కాబట్టి ఇద్దరూ సర్దుకుంటారు. రెండోది కోపీ-ఓ కొసాంగ్, పాలూ చక్కెరా లేని కోపీ. ఆ గింజల్ని చక్కెర, వెన్నలతో వేయించే పాత పద్ధతి వల్ల వచ్చే మాడిన తీపి సిగార్ నడిమి భాగంతో భలే కలుస్తుంది.

ఇంత రుచిగా రాశానని ప్రమాదం తగ్గదు. ఊపిరితిత్తుల్లోకి లాగకపోయినా నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లకి సిగార్ కారణమవుతుంది. పెద్ద సిగార్ ఒక్కదానిలో సిగరెట్ ప్యాకెట్టంత పొగాకు ఉండొచ్చు. శ్రీకాకుళం తీరంలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ ఆడవాళ్ల అంగిళ్లని ఏం చేసిందో విశాఖ వైద్యులకి బాగా తెలుసు. నెలకి ఒకటన్న లెక్క పాటించలేనివాళ్లు ఈ విద్య జోలికి రాకపోవడమే మంచిది.

పాటించగలిగినవాళ్లకి ధర గురించి ఒక మాట. 2022లో కోహిబా, ట్రినిదాద్ బ్రాండ్ల ధరల్ని ప్రపంచమంతటా హాంకాంగ్ స్థాయికి పెంచేశారు. అదే ఏడాది సెప్టెంబరులో ఇయన్ తుఫాను పినార్ దెల్ రియోలో వేలాది ఆరబెట్టే కొట్టాల్ని కూల్చేసింది. సరుకు కొరత ఇంకా తీరలేదు, ముదిరిన పెట్టెల బేరం చుక్కలంటుతోంది. మోంటెక్రిస్టో నంబర్ 4 లాంటి చిన్న సైజు పెట్టె ఒకటి ఈ ఏటిది కొని, తేదీ చూసి రాసుకుని, మీరే దాచడం మేలు. ఏడాదికొకటి తీసి కాల్చి చూడండి. రెండో ఏట బాగా లేకపోతే కంగారుపడకండి, నాలుగో ఏట మళ్లీ తెరవండి.